అతుకు

ముప్పైరెండేండ్లు
కర్నూలు–ఆదోని బస్సులో టికెట్లు చించిన చేతులివి.
ఇప్పుడు ఆదివారం ఆదివారం
వన్ టౌన్ లైబ్రరీ మేడమీద కూచోని
చినగకుండా చూడటం నేర్చుకుంటాండాయి.

మొదటి రోజే తిట్లు తిన్నా.
పేజీ తిప్పబోతూ అలవాటుకొద్దీ
బొటనవేలు నాలుకకు తాకించినా.
"కండక్టర్ సారూ, తడి!" అని కేకేసింది
మౌలాబీ, డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల.
ఒకప్పుడు ఇట్లాంటోళ్లకు అర టికెట్టు కొట్టినోణ్ణి.
అప్పటి నుంచి నిజంగానే
నోరు మూసుకొని పని చేస్తాండా.

ఫ్యాను వేయకూడదు.
కిటికీ ఒక రెక్కే తెరవాల.
మే నెల ఎండ మాత్రం
రాతిగోడలోంచి కూడా టికెట్టు లేకుండా ఎక్కుతుంది.
ముక్కుకు గుడ్డ కట్టుకోని ఏడుగురం
గడ్డం గీసుకునే మెత్తటి బ్రష్షులతో
పుటల సందుల్లో నదిని ఊడుస్తాం.

నదినే.
వరదొచ్చిన ఏడు తుంగభద్ర ఈ మెట్లెక్కి
కింది మూడు అరలూ ముంచింది.
మెంబరు కార్డు లేకుండా లోపలికొచ్చింది
అదొక్కటేనంటాడు లైబ్రేరియన్ సంజీవరాయుడు.
పుస్తకాలు ఎప్పుడో ఆరినాయి.
కుట్టు కాడ మాత్రం ఇంకా దాక్కోనుంది ఒండ్రు,
మొగానికి రాసుకునే పౌడరు కంటే మెత్తన.
పారెయ్యబుద్ధి కాక మౌలాబీ
దాన్ని హార్లిక్సు సీసాలో పోస్తాంది.
ఇప్పటికి మూడు వేళ్ల మందం.

నా వంతుకు వచ్చింది పేరు లేని పుస్తకం.
అట్ట లేదు. ముందర ఎనిమిది పేజీలు లేవు.
ఎద్దుల వైద్యం.
ఎవరు రాసినారో, ఏ ఊర్లో అచ్చేసినారో తెలీదు.
కొమ్ము పుండు, మెడ కదుము, గాలికుంటు,
కొన్ని రోగాల పక్కన మాత్రం
ఎవరో పెన్సిలుతో టిక్కు పెట్టుకున్నారు.
టిక్కు ఉన్న కాడ ఎద్దు బతికిందనుకుంటా.
టిక్కు లేని పేజీలు
ఎందుకో తొందరగా తిప్పేస్తా.

నూట పదకొండో పేజీ కాడ పురుగు.
కడుపుబ్బరానికి ఏదో ఆకు నూరి
గంజిలో కలిపి మూడు పూటలు తాపాల అని ఉంది.
ఆ ఆకు పేరే తినింది పురుగు.
దానికేం ఉబ్బరమొచ్చిందో.
ముందర 'వా' మిగిలింది, చివర 'కు' మిగిలింది,
నడుమ బఠానీ గింజంత చిల్లు.

"వామాకు" అన్నాడు ఉరుకుందప్ప,
పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు చేసి దిగినోడు.
"వామాకు నీ మొగం, వావిలాకు" అనింది సుంకులమ్మ,
కల్లూరులో ఆరు బర్రెలు మేపి
వారానికొక పూట మాకోసం వచ్చే మనిషి.
టీ మెట్ల మీదే తాగాల కాబట్టి
తగువు కూడా మెట్ల మీదికి దిగింది.
గ్లాసులు చల్లారినాయి. ఆకు తేలలా.

"ఏదో ఒకటి రాసేద్దామా?" అని అడిగినా.
మస్తాన్‌వలి తలకాయ ఎత్తలా.
నలభై ఏండ్లు కోర్టు కాగితాలు కుట్టినోడు.
"తెలీనిది రాస్తే, రేపు చదివేటోనికి
తెలిసినట్టే కనిపిస్తాది సారూ."
మైదా గంజిలో చిటికెడు మైలుతుత్తం కలిపి,
వేలి మీద జారవిడిచి చూసి,
ఇంకాసిన్ని నీళ్లు పోసినాడు.
ఇంత పల్చనా అంటే అన్నాడు:
"అతుకు కాగితం కంటే గట్టిగా ఉండకూడదు.
మళ్లా ఎప్పుడన్నా లాగులాట వస్తే
అతుకే చినగాల. కాగితం కాదు."

ఇంత వయసొచ్చినా ఈ మాట నాకెవరూ చెప్పలా.
ఆ రాత్రి ఇంట్లో మాటామాటా వస్తే
ముందు నేనే తగ్గినా.
మా ఆమె జ్వరమేమోనని
నుదురు పట్టి చూసింది.

చిల్లు మీద ఉల్లిపొరలాంటి కాగితం పరిచినాం.
చిల్లు చిల్లుగానే ఉంది, వెలుతురు పోతాంది వస్తాంది.
బరువు పెట్టబోతూ పక్కకు చూస్తే
అంచున, ఒండ్రు మరక కింద,
సన్నగా, పెన్సిలు టిక్కు.

ఏ ఆకో గాని,
ఎద్దు బతికింది.